మా గుట్ట మీద గాలిమరలు పెడతారంట. ఇళ్లకు ఎంత దూరంలో పెట్టాలి, అది ఎవరు తేల్చాలి?

గుట్టకింద_రైతు
మాది పలమనేరు దాటి బైరెడ్డిపల్లె పోయే దారిలో ఒక పల్లె. ఊరికి పడమర పక్క గుట్ట ఉంది. కొంతకాలం కిందట దాని మీద సన్నటి ఇనుప స్తంభం పాతి, నాలుగు పక్కలా తీగలు లాగి కట్టి, పైన గిర్రున తిరిగే చిన్న గిన్నెలు బిగించారు. గాలి కొలుస్తున్నామన్నారు. ఎవరం పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు ఇద్దరు మనుషులు ఇల్లిల్లూ తిరుగుతున్నారు. గుట్ట వాలులో భూములున్నవాళ్ల దగ్గర లీజు కాగితాల మీద సంతకాలు అడుగుతున్నారు. కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి.

నా ఇల్లు చేలోనే ఉంది, గుట్ట కొసకు మూడు వందల మీటర్లు ఉంటుందేమో. మల్బరీ పెట్టి పట్టుపురుగులు పెంచుతాం, రెండు ఆవులున్నాయి. నేను వాళ్లకు భూమి ఇచ్చేది లేదు. కానీ పక్క చేను ఆయన ఇస్తే మర నా నెత్తిన వచ్చినట్టే కదా. పంచాయతీలో అడిగితే ‘పైనుంచి వస్తుంది, మాకేం తెలీదు’ అన్నారు. ఇళ్లకు ఇంత దూరం అని ఏదైనా రూల్ ఉందా? ఉంటే దాన్ని చూసేది ఎవరు? తెలిసినవాళ్లు చెప్పండి. రాత్రిళ్లు ఇదే టెన్షన్.

వికోట_టమాట
మా వైపు కూడా తిరుగుతున్నారు. ఎకరాకు ఇంత అని ఒక్కొక్కరికి ఒక్కో రేటు చెబుతున్నారు. మా పిల్లోడైతే ‘నాయనా, అంత పెద్ద ఫ్యాన్లు పెడితే మన టమాటాలకు కాయ నిలుస్తుందా’ అని అడిగాడు.

సైట్_ఇంజనీర్_అనంత
ఉరవకొండ, బెళుగుప్ప సైట్లలో పనిచేశాను. రూల్ ఉంది. కేంద్ర నవీన, పునరుత్పాదక ఇంధన శాఖ 2016 అక్టోబరులో గాలిమరల ప్రాజెక్టులకు మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో మీకు కావలసినవి రెండు.

ఒకటి, శబ్దం ఇబ్బంది లేకుండా ఏ నివాసానికైనా 500 మీటర్ల లోపల మర పెట్టకూడదు. రెండోది రోడ్లు, రైలు పట్టాలు, భవనాలు, ప్రభుత్వ సంస్థలు, పెద్ద కరెంటు లైన్ల గురించి. స్తంభం ఎత్తు, రెక్కలు తిరిగే వృత్తం వ్యాసంలో సగం, ఇంకో 5 మీటర్లు, ఈ మూడూ కలిపితే ఎంతో అంత దూరం వదలాలి. మర అడ్డంగా కూలినా రోడ్డు మీద పడకూడదని ఆ లెక్క. 120 మీటర్ల స్తంభం, 120 మీటర్ల వ్యాసం ఉన్న మరకు 120, 60, 5 కలిపి 185 మీటర్లు.

నివాసం అంటే ఊరు మాత్రమే కాదు. చేలో ఇల్లు కట్టుకుని కాపురముంటే అదీ నివాసమే. మీరు చెప్పిన మూడు వందల మీటర్లు నిజమైతే మీ ఇంటి ఎదురుగా మర రాకూడదు.

కరెంటు_కావాలి
మొదట్లోనే అడ్డం పడితే ఎట్లా? బొగ్గు కాల్చొద్దంటాం, డ్యాములొద్దంటాం, గాలి కూడా వద్దంటే కరెంటు ఎక్కడినుంచి వస్తుంది? తిరుమల కొండల్లో కాకులకొండ మీద గాలిమరలు ఎప్పటినుంచో తిరుగుతున్నాయి. కొండకు పోయిన ప్రతివాడూ చూసి ఫోటో తీసుకుని వచ్చేవాడే. ఎవరికి ఏం నష్టం జరిగింది?

తిరుచానూరు_శీను
కాకులకొండ చుట్టూ అడవి. మర కింద కాపురం ఎవరికుంది అన్నా? పైగా అవి పాతకాలం మరలు, ఇప్పుడు పెట్టే వాటి పక్కన చిన్నపిల్లలు. గుట్టకింద_రైతు అడిగేది వద్దని కాదు, ఎంత దూరమని.

గుట్టకింద_రైతు
అవును, శీను చెప్పిందే. నాకు గాలిమర మీద కోపం లేదు. @సైట్_ఇంజనీర్_అనంత, 500 మీటర్లు అన్నారు. ఆ దూరం కొలిచి చూసేది ఎవరు? పంచాయతీయా, తహసీల్దారా, కరెంటోళ్లా?

సైట్_ఇంజనీర్_అనంత
అక్కడే వస్తుంది చిక్కు. ప్రాజెక్టు రిజిస్ట్రేషన్, సామర్థ్యం మంజూరు వంటివి రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ నెడ్‌క్యాప్ చూస్తుంది. ప్రభుత్వ భూమి అయితే రెవెన్యూ. అడవి అయితే అటవీశాఖ. ఎత్తు విషయంలో విమానాశ్రయాల సంస్థ నుంచి ఎన్‌ఓసీ. లైనుకు ట్రాన్స్‌కో. ఒక్కొక్కరు తమ ముక్క చూసి సంతకం పెడతారు. మర ఏ పాయింట్‌లో రావాలో గీసేది మాత్రం కంపెనీ డిజైన్ వాళ్లే. ఇంటి నుంచి దూరం ఎంతని టేపు పట్టుకుని వచ్చే అధికారిని నేను పనిచేసిన చోట్ల చూడలేదు. ఊరివాళ్లు ముందే అడిగిన చోట మాత్రం పాయింట్లు జరిపాం.

ప్లానింగ్_తిరుపతి
టౌన్ ప్లానింగ్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఈ చర్చ మొత్తంలో అసలు సంగతి ఇదే, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఇల్లు కట్టాలంటే ప్లాన్ అప్రూవల్, సెట్‌బ్యాక్, రోడ్డు వెడల్పు అన్నీ అడుగుతాం. లేఅవుట్ వేయాలంటే తుడా దగ్గరికో, మరో పట్టణాభివృద్ధి సంస్థ దగ్గరికో పోవాలి. మాస్టర్ ప్లాన్‌లో ఆ భూమిని దేనికి గుర్తించారో చూస్తారు. అదే 180 మీటర్ల ఎత్తున్న యంత్రం పల్లెలో గుట్ట మీద పెట్టాలంటే, అది ఎక్కడ ఉండొచ్చు, ఎక్కడ ఉండకూడదు అని ముందుగా గీసిన మ్యాపు ఊరివాళ్ల చేతిలో ఉండదు. భూమి ఎవరిస్తే అక్కడ, గాలి ఎక్కడ బాగుంటే అక్కడ. లీజులన్నీ అయిపోయాక మనకు తెలుస్తుంది. అప్పటికి అడగాల్సిన సమయం దాటిపోయి ఉంటుంది.

కాబట్టి జిల్లా స్థాయిలో మ్యాపు ముందు రావాలి, లీజులు తర్వాత రావాలి. ఆ మ్యాపులో ఇళ్లు, చెరువులు, మేతభూములు, ఏనుగుల దారులు, పక్షులు తిరిగే చోట్లు తీసేయగా మిగిలిన గాలి భూమిలో కంపెనీలు పోటీ పడనీయండి. కంపెనీకి కూడా అదే మేలు, మధ్యలో గొడవ వచ్చి పని ఆగదు.

మీ ఊరు పలమనేరు-కుప్పం-మదనపల్లె పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలోకి వస్తుందో రాదో సచివాలయంలో కనుక్కోండి. వస్తే అక్కడ కూడా ఒక అర్జీ పెట్టాలి.

కరెంటు_కావాలి
జిల్లా మ్యాపులు గీసేలోపు పదేళ్లు పోతాయి సార్. గాలి వివరాలు ఇప్పటికే ఉన్నాయి. చెన్నైలో జాతీయ పవన శక్తి సంస్థ అట్లాస్ తయారుచేసింది. వంద మీటర్ల ఎత్తున మన రాష్ట్రంలో 44 గిగావాట్లకు పైగా పెట్టొచ్చని వాళ్ల అంచనా.

ప్లానింగ్_తిరుపతి
ఆ అట్లాస్ గాలి ఎక్కడుందో చెబుతుంది. మనుషులు ఎక్కడున్నారో మన రెవెన్యూ రికార్డు చెబుతుంది. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడటానికి పదేళ్లు ఎందుకు? గ్రామ సర్వేయర్లు ఉన్నారు, డ్రోన్ సర్వే చేసిన ఊళ్లున్నాయి.

మదనపల్లె_మధు
ఒక డౌట్. గాలిమరలు వస్తే మబ్బులు చెదిరిపోతాయని, వాన రాదని మా అత్తగారి ఊళ్లో గట్టిగా నమ్ముతారు. నిజమేనా?

సైట్_ఇంజనీర్_అనంత
కాదు. రెక్క కొస ఎంత పైకి పోయినా రెండు వందల మీటర్ల దగ్గర ఆగుతుంది. వానమబ్బు అడుగు భాగమే మామూలుగా దానికంటే చాలా పైన ఉంటుంది. అనంతపురంలో మరలు రాకముందు కూడా కరువులు చూశాం. ఈ మాట గ్రామసభలో ఎత్తితే కంపెనీవాళ్లు దాన్నే పట్టుకుని ‘వీళ్లకేం తెలీదు’ అని మిగతా అసలు ప్రశ్నల్ని దాటేస్తారు. దూరం, శబ్దం, నీడ, రోడ్డు, నీటి వాలు. అడగాల్సింది ఇవి.

ఉరవకొండ_కోడలు
పుట్టిల్లు చంద్రగిరి, మెట్టినిల్లు ఉరవకొండ వైపు. మా ఇంటికి దగ్గరగానే మర ఉంది. ఎట్లా ఉంటుందో చెబుతా, భయపెట్టడానికి కాదు.

పగలు మామూలు గాలిలో పెద్దగా తెలీదు. ఆషాఢం గాలి మొదలయ్యాక రాత్రి ఊరు సద్దుమణిగితే వినపడుతుంది. రెక్క కిందికి దిగినప్పుడల్లా ‘హుష్... హుష్...’ అని ఒకే వరసలో. కొందరికి అలవాటైపోయింది. మా అత్తకు మాత్రం నిద్ర పట్టదు, మంచం వెనక వసారాలోకి మార్చుకుంది. శబ్దం కంటే నీడ నాకు ఎక్కువ విసుగు. కొన్ని నెలల్లో పొద్దున ఎండ మర వెనకనుంచి వస్తుంది. అప్పుడు వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుతుంటే చాట మీద నీడ వచ్చిపోతూ, వచ్చిపోతూ ఉంటుంది. చేతిలో రాయి ఏదో గింజ ఏదో తెలీదు. లేచి లోపలికి పోవాల్సిందే. కాసేపే ఉంటుంది, కానీ ఆ కాసేపే నాకు పనివేళ.

మా మామకు ఇంకో పొలంలో మర వచ్చింది, లీజు డబ్బు టైముకు పడుతుంది. దాంతోనే బోరు వేయించాడు. కాబట్టి ఒక్క ముక్కలో మంచిది, చెడ్డది అని నేను చెప్పలేను. దూరం పెట్టి ఉంటే మా ఇంట్లో ఈ గొడవే ఉండేది కాదు.

గుట్టకింద_రైతు
అక్కా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మాకు గుట్ట పడమర ఉంది. అంటే నీడ సాయంత్రం పడుతుందా?

సైట్_ఇంజనీర్_అనంత
అవును, మర పడమర ఉంటే సాయంత్రం ఎండ వాలినప్పుడు. ఏ నెలలో ఏ ఇంటి మీద ఎంతసేపు పడుతుందో సాఫ్ట్‌వేర్‌లో ముందే లెక్క తేలుతుంది. జర్మనీలో ఒక ఇంటి మీద రోజుకు 30 నిమిషాలు, ఏడాదికి 30 గంటలు దాటకూడదని లెక్క పెట్టుకుంటారు. దాటేటట్టుంటే ఆ సమయంలో మర ఆపేలా సెట్ చేస్తారు. మీరు కంపెనీని ‘షాడో ఫ్లికర్ రిపోర్టు’ అని అడగండి. ఆ పేరుతో అడిగితేనే ఇస్తారు.

మల్బరీ_మాస్టారు
పట్టుపురుగుల సంగతి ఎవరూ ఎత్తలేదు. మర తిరగడం కంటే ముందు, మర కట్టే నెలల్లో మీకు కష్టం వస్తుంది. టిప్పర్లు, క్రేన్లు, అరవై మీటర్ల పైన పొడవుండే రెక్కల ట్రైలర్లు మట్టిరోడ్డు మీద తిరుగుతాయి. ఆ దుమ్మంతా మల్బరీ ఆకు మీద పేరుకుంటుంది. దుమ్ము ఆకు వేస్తే పురుగు సరిగా తినదు, జబ్బు పడుతుంది. నాలుగో జ్వరం (పురుగు మేత మాని పొర విడిచే దశ) లేచాక ఆకు బాగా తినే రోజుల్లో అలాంటి ఆకు పడితే పంట పోయినట్టే. రోడ్డు మీద రోజూ నీళ్లు కొట్టాలని, ఆకు పాడైతే పరిహారం ఇవ్వాలని కాగితం మీద రాయించుకోండి. నోటిమాట వద్దు.

గుట్టకింద_రైతు
ఇది నాకు తట్టనే లేదు మాస్టారూ. మా తోట ఆ బండ్లదారి పక్కనే.

కౌండిన్య_అడవి
ఇంకో మాట. మీ వైపు కౌండిన్య అభయారణ్యం నుంచి ఏనుగులు దిగుతాయి. గుట్టల వెంబడి కొత్త రోడ్డు వేసి, రాత్రంతా బండ్లు తిప్పి, లైట్లు వేస్తే అవి నడిచే దారి మారుతుంది. మారిన దారి ఎవరి చేలోకి వస్తుందో ఎవరు చెప్పగలరు? ఇప్పటికే చెరకు, అరటి, టమాట పోగొట్టుకున్న వాళ్లు ఎంతమందో. మర పాయింటు అడవి హద్దులో లేదు అంటే సరిపోదు, ఏనుగు దారిలో లేదు అని కూడా తేలాలి. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌ను గ్రామసభకు పిలవండి. దారులు వాళ్లకు బాగా తెలుసు.

సూళ్లూరుపేట_సాగర్
అదే మాట మా తీరం వైపు పక్షులకు వర్తిస్తుంది. నేలపట్టు చెరువులో గూడబాతులు గూళ్లు పెడతాయి, మేతకు పులికాట్‌కు పోయివస్తాయి. పిల్లలకు తిండి పెట్టాలి కాబట్టి రోజూ ఎగరాల్సిందే. ఈ రెండింటి మధ్య మరలు నిలబెడితే అభయారణ్యం హద్దు లోపల ఒక్క గజం తీసుకోకపోయినా నష్టం నష్టమే. రాజస్థాన్, గుజరాత్‌లలో బట్టమేక పిట్ట కోసం కరెంటు లైన్లు భూమిలో వేయాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. అంతా సాధ్యం కాదని 2024లో ఆ ఆదేశాన్ని సవరించి నిపుణుల కమిటీకి అప్పగించింది. మొత్తం కట్టేశాక సర్దుకోవడం ఎంత కష్టమో అక్కడే కనిపిస్తుంది.

మదనపల్లె_మధు
ఇంత పెద్ద ప్రాజెక్టుకు పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుంది కదా? క్వారీకి పెట్టారు మా దగ్గర. అక్కడే అన్నీ అడిగేయొచ్చు.

ప్లానింగ్_తిరుపతి
ఉండదు. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ జాబితాలో గాలి విద్యుత్తు లేదు. కాబట్టి ఆ రిపోర్టూ తప్పనిసరి కాదు, ప్రజాభిప్రాయ సభా తప్పనిసరి కాదు. కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో ఇది ‘వైట్’ కేటగిరీ. పొగ లేదు, మురుగునీరు లేదు కాబట్టి ఆ లెక్క సరైనదే. కానీ దూరం, నీడ, కొండ తవ్వకం ఇవేవీ పొగ కిందకు రావు. అందుకే గ్రామసభ తప్ప మీకు మాట్లాడే చోటు మిగలదు.

కరెంటు_కావాలి
సరే, ఇది నాకు కొత్త సంగతి. అయినా క్వారీతో దీన్ని కలపొద్దు. క్వారీ గుట్టను తినేస్తుంది, మర గుట్ట మీద నిలబడుతుంది.

ధర్మవరం_ధనుంజయ
నిలబడటానికి కూడా గుట్టను కోస్తారు స్వామీ. కల్పవల్లి పేరు విన్నారా? అప్పటి అనంతపురం జిల్లాలో టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ‌తో కలిసి ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి కాపాడి పెంచుకున్న అడవి. రికార్డులో అది బంజరు. అక్కడ మరలు వచ్చినప్పుడు ప్రతి పాయింటుకు క్రేను ఎక్కేంత వెడల్పున కొండను చెక్కి రోడ్డు వేశారు. తవ్విన మట్టి కింది వాలులోకి తోసేశారు. ఊళ్లవాళ్ల బాధ చివరికి హరిత ట్రైబ్యునల్ దాకా పోయింది.

గుట్ట మీద రోడ్డు వేసేటప్పుడు చూడాల్సింది ఒకటే, వాన నీళ్లు ఏ పక్కకు దిగుతాయి. రోడ్డు అడ్డం పడితే వంక దారి మారుతుంది. మట్టి కొట్టుకొచ్చి కుంట పూడుతుంది. మర నిలబడే చోటు చిన్నదే, రోడ్డు మాత్రం గుట్ట చుట్టూ తిరుగుతుంది. మర మ్యాపుతో పాటు రోడ్డు మ్యాపు, మోరీలు ఎక్కడ వేస్తారో కూడా అడగండి.

గుట్టకింద_రైతు
మా చెరువుకు నీళ్లు ఆ గుట్ట వంకల నుంచే వస్తాయి. ఇది ఊరంతటి సమస్య అని చెప్పడానికి ఇదొక్కటి చాలు. నా ఇల్లు ఒక్కటే అంటే ఎవరూ రారు.

ఆర్హుస్_లో_చిత్తూరు
డెన్మార్క్‌లో ఉంటున్నా. ఇక్కడ మర మొత్తం ఎత్తుకు నాలుగు రెట్లు ఇంటికి దూరం ఉండాలి. రెక్క కొసతో కలిపి 180 మీటర్లైతే 720 మీటర్లు. శబ్దానికి వేరే పరిమితి, గాలి సెకనుకు 8 మీటర్లు వీచినప్పుడు పల్లెల్లో విడి ఇంటి దగ్గర 44 డెసిబెల్స్, నివాస ప్రాంతాల్లో 39. మర వల్ల ఇంటి విలువ పడిపోతే నష్టపరిహారం అడగొచ్చు. ప్లానింగ్ గారు చెప్పిన మ్యాపు సంగతి ఇక్కడ ఎప్పటినుంచో ఉంది. మరలు ఎక్కడ రావాలో స్థానిక మున్సిపాలిటీ తన ప్లాన్‌లో గుర్తించి, జనం అభిప్రాయం విన్నాకే ముందుకు పోతుంది.

కరెంటు_కావాలి
దూరం పెంచుకుంటూ పోతే ఏమవుతుందో కూడా చెప్పాలి. జర్మనీలో బవేరియా 2014లో ఎత్తుకు పది రెట్లు అని రూల్ పెట్టింది. 200 మీటర్ల మరకు రెండు కిలోమీటర్లు. కొత్త మరలు దాదాపు ఆగిపోయాయి, తర్వాత సడలించుకోవాల్సి వచ్చింది. పోలండ్ 2016లో అదే పనిచేసి 2023లో 700 మీటర్లకు దిగింది. ఇంగ్లండ్‌లో 2015లో స్థానిక ప్లాన్‌లో గుర్తించిన చోటే, ఊరి మద్దతు ఉంటేనే అని పెట్టారు, 2024లో కొత్త ప్రభుత్వం వచ్చి ఎత్తేసింది. ఈ మధ్యలో అక్కడ నేల మీద మరలు పెట్టడం దాదాపు ఆగిపోయింది. మన పల్లెలు దగ్గర దగ్గరగా ఉంటాయి. రెండు కిలోమీటర్లంటే చిత్తూరు జిల్లాలో ఒక్క చోటూ దొరకదు.

ప్లానింగ్_తిరుపతి
ఈ పోస్టుతో ఒప్పుకుంటాను. ఇక్కడ ఎవరూ రెండు కిలోమీటర్లు అడగలేదు. కాగితం మీద ఉన్న 500 మీటర్లు నేల మీద అమలు కావాలనే అడుగుతున్నాం. శబ్ద కాలుష్య నిబంధనలు 2000లో వచ్చాయి, నివాస ప్రాంతంలో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 డెసిబెల్స్. 500 మీటర్ల అవతల పెట్టినా ఆషాఢం గాలిలో ఆ 45 దాటితే ఏం చేస్తారు అని కూడా ఒప్పందంలోనే ఉండాలి.

సైట్_ఇంజనీర్_అనంత
జరపమంటే కంపెనీ ఎందుకు మొరాయిస్తుందో కూడా తెలుసుకోండి, బేరమాడటానికి పనికొస్తుంది. కరెంటు గాలి వేగానికి ఘనంలో పెరుగుతుంది. గాలి పది శాతం ఎక్కువ ఉంటే కరెంటులో మూడో వంతు ఎక్కువ. అందుకే గుట్ట నెత్తిన తప్ప వాలులోకి దిగమంటే ఒప్పుకోరు. కానీ నెత్తి వెంబడి పక్కకు జరపమంటే నష్టం తక్కువ.

2016 మార్గదర్శకాల ప్రకారం గాలికి అడ్డంగా ఉన్న వరసలో మరకూ మరకూ మధ్య రెక్కల వ్యాసానికి మూడు రెట్లు, గాలి వచ్చే దిశలో ఐదు రెట్లు ఎడం ఉండాలి. 120 మీటర్ల వ్యాసం ఉన్న మరకు అడ్డవరసలో 360 మీటర్లు. మీ గుట్ట ఉత్తర దక్షిణాలుగా సాగి ఉంటే, పడమటి గాలికి అది మంచి వరస. మీ ఇంటి ఎదురుగా ఉన్న పాయింటును ఉత్తరానికో దక్షిణానికో జరిపి, అవసరమైతే వరసలో ఒక మర తగ్గించమని అడగొచ్చు. ‘ప్రాజెక్టే వద్దు’ అంటే తలుపు మూసుకుంటారు, ‘ఈ పాయింటు జరపండి’ అంటే కూర్చుని మాట్లాడతారు.

తిరుచానూరు_శీను
ఇది బాగా చెప్పినావన్నా. ఘనం అనే లెక్క చిన్నప్పుడు ఎందుకు నేర్పినారో ఇప్పుడు తెలిసింది.

అడ్మిన్
కంపెనీల పేర్లు, ఏజెంట్ల ఫోన్ నంబర్లు పెట్టొద్దు. రెండు పోస్టులు తీసేశాం. చర్చ కొనసాగించండి.

కోర్టుదారి_చిత్తూరు
లీజు కాగితం గురించి. ఏడాది దాటిన లీజు ఏదైనా రిజిస్టర్ కావాలి. తెల్లకాగితం మీద, వంద రూపాయల స్టాంపు మీద సంతకం పెట్టి అడ్వాన్సు తీసుకున్నవాళ్లు ముందు ఆ కాగితం జిరాక్స్ దగ్గర పెట్టుకోండి. ఇంగ్లీషు కాగితాన్ని తెలుగులో రాసిస్తేనే చదివి సంతకం పెడతామని అందరూ ఒకే మాట మీద ఉండండి.

నేను చదివిన లీజుల్లో ఇబ్బంది ఎక్కువగా వచ్చేది మూడు చోట్ల. భూమిని కంపెనీ బ్యాంకులో తాకట్టు పెట్టుకోవచ్చని ఒక వాక్యం ఉంటుంది. మరో కంపెనీకి మీ అనుమతి లేకుండా బదలాయించొచ్చని ఇంకోటి. గడువు అయిపోయాక మర పీకేసి, పునాది కాంక్రీటు తీసి, మట్టి నింపి ఇచ్చే బాధ్యత ఎవరిదో మాత్రం ఎక్కడా ఉండదు. ఆ కాంక్రీటు దిమ్మె మీ మనవడి చేలో మిగులుతుంది.

ఇంకా ముఖ్యం, డీకేటీ పట్టా భూములు, అంటే ప్రభుత్వం పేదలకు అసైన్ చేసి ఇచ్చినవి. 1977 చట్టం అసైన్డ్ భూమిని అమ్మడానికి, లీజుకు రాసివ్వడానికి వీల్లేదంది. ఇరవై ఏళ్లు దాటిన పట్టాలకు 2023లో సడలింపు తెచ్చారు, మీది అందులోకి వస్తుందో లేదో ముందు కనుక్కోండి. మధ్యవర్తి ‘మేం చూసుకుంటాం’ అంటే నమ్మొద్దు, రేపు రద్దయితే పోయేది మీ పట్టా. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ నిషేధించిన 22-ఏ జాబితాలో ఉందేమో చూసుకున్నాకే మాట్లాడండి.

వికోట_టమాట
మా వీధిలో సగం మందివి డీకేటీ భూములే సార్. ఇద్దరు అప్పుడే అడ్వాన్సు తీసుకున్నారు.

కోర్టుదారి_చిత్తూరు
వాళ్లను కాగితాలతో ఎవరైనా లాయరు దగ్గరికి వెంటనే పొమ్మనండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్హులకు ఉచితంగా సలహా దొరుకుతుంది.

లైన్‌మన్_కొడుకు
మరలు చూసి లైన్లు మరిచిపోతున్నారు. సబ్‌స్టేషన్ నుంచి పెద్ద టవర్ల లైను ఏ ఊళ్ల మీదుగా పోతుందో అడగండి. టవర్ కాళ్ల కింది భూమికి విలువలో 200 శాతం, తీగల కింది కారిడారుకు 30 శాతం పరిహారం ఇవ్వాలని కేంద్ర విద్యుత్ శాఖ 2024 జూన్‌లో చెప్పింది. 2015లో చెప్పింది 85, 15. కాబట్టి పాత రేటు చెప్పి సంతకం పెట్టించుకోనీయకండి. ఈ లెక్క పెద్ద లైన్లకే. మర నుంచి సబ్‌స్టేషన్ దాకా పోయే 33 కేవీ స్తంభాలకు రాదు, వాటికి విడిగా మాట్లాడుకోవాలి.

వార్డు_మెంబర్
మా పంచాయతీలో సోలార్‌కు ఇలాగే వచ్చారు. గ్రామసభ తీర్మానానికి విలువ లేదని కొందరంటారు. ప్రైవేటు పట్టా భూమి అయితే తీర్మానంతో ఆపలేరు, నిజమే. కానీ గుట్ట మేతభూమి అయితే సంగతి వేరు. 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ ప్రకారం మేత పోరంబోకు, కళ్లం, శ్మశానం లాంటివి పంచాయతీకి చెందుతాయి. ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి వెనక్కి తీసుకోవచ్చు, కానీ ఇవ్వాలి కదా. ఊరకే దున్నేసుకుని పోలేరు. మా దగ్గర ఈ సెక్షన్ నంబరు తీర్మానంలో రాశాకే తహసీల్దారు ఆఫీసు నుంచి మనిషి వచ్చాడు.

మదనపల్లె_మధు
తీర్మానంలో ఏం రాయాలి? ‘వ్యతిరేకిస్తున్నాం’ అనా?

వార్డు_మెంబర్
వ్యతిరేకిస్తున్నాం అని రాస్తే ఫైల్లో కింద పడేస్తారు. ప్రశ్నలు రాయాలి. ప్రతి మరకు అక్షాంశ రేఖాంశాలు ఇవ్వండి, దగ్గరి ఇంటికి దూరం ఎంతో రాసివ్వండి, రోడ్డు ప్లాన్ ఇవ్వండి, నీడ, శబ్దం రిపోర్టులు తెలుగులో ఇవ్వండి, ఇవి వచ్చేదాకా పోరంబోకు భూమి విషయంలో మా సమ్మతి లేదు అని. పోయినసారి మాకు జవాబులు వచ్చినవన్నీ ఇలా అడిగినవే. నెడ్‌క్యాప్‌కు సమాచార హక్కు కింద కూడా అదే ప్రశ్న పంపండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

కరెంటు_కావాలి
నాదొక మాట చేర్చండి. ఊరికి ఏం వస్తుందో కూడా అడగండి. భూమి ఇచ్చినవాడికి లీజు వస్తుంది, శబ్దం విన్నవాడికి ఏమీ రాదు. అందుకే పక్కింటివాళ్ల మధ్య గొడవలు. డెన్మార్క్‌లో 2009 నుంచి కొన్నేళ్లు కొత్త ప్రాజెక్టులో 20 శాతం వాటా చుట్టుపక్కల వాళ్లకు అమ్మజూపాలనే నియమం ఉండేది. మనకు వాటా కుదరకపోయినా, మర నుంచి ఇంత దూరంలో ఉన్న ప్రతి ఇంటికీ ఏడాదికి ఇంత అని అడగడంలో తప్పు లేదు. నేను మరలు రావాలనే కోరుకుంటున్నా. ఊరు ఒప్పుకుని వస్తే ఇంకా తొందరగా వస్తాయి.

ఉరవకొండ_కోడలు
ఈ మాట మా ఊళ్లో అప్పుడే ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది. మా అత్త, మర ఉన్న చేను వాళ్లు ఇప్పటికీ మాట్లాడుకోరు.

గుట్టకింద_రైతు
అందరి మాటలూ రాసుకున్నాను. సర్పంచ్‌తో మాట్లాడాను, చెరువు సంగతి చెప్పాక ఆయనకూ కదలిక వచ్చింది. గ్రామసభ పెట్టడానికి ఒప్పుకున్నాడు. సచివాలయం సర్వేయర్‌ను అడిగి గుట్ట కొస నుంచి చేలల్లో ఉన్న ఇళ్లన్నింటికీ దూరం కొలిపిస్తాం. నాది కాక ఇంకా కొన్ని ఇళ్లు ఆ లోపలే పడేటట్టున్నాయి. లీజుకు సంతకం పెట్టినాయన కూడా వస్తానన్నాడు, ఆయన ఇల్లు కూడా 500 లోపలే.

ఒక్క డౌట్ మిగిలింది. మా గుట్టను పెద్దవాళ్లు మేతభూమి అంటారు, వీఆర్వో గుట్ట పోరంబోకు అంటాడు. 58వ సెక్షన్ వర్తించాలంటే ఏది కావాలి, ఎక్కడ చూడాలి?

వార్డు_మెంబర్
పేరు ముఖ్యం, రికార్డులో ఏముందో అదే నిలుస్తుంది. అడంగల్ ఒక్కటే చూసి ఊరుకోకండి. తహసీల్దారు ఆఫీసులో పాత భూసర్వే రిజిస్టరు ఆర్‌ఎస్‌ఆర్ తీయించి ఆ సర్వే నంబరు ఎదురుగా ఏం రాశారో నకలు తీసుకోండి. మేత అని ఉంటే నకలు తీర్మానానికి జతచేయండి. గుట్ట అని ఉంటే కూడా, పశువులు మేస్తున్న ఫోటోలు తారీఖుతో తీసి పెట్టండి, ఆ వాడకం గురించి అర్జీలో విడిగా రాద్దాం. నకలు వచ్చాక ఇక్కడ పెట్టండి, సర్వే నంబరు కొట్టేసి.